వాతావరణపు పొరలు – రేడార్ చూపు

మానవుడు 1969లో చంద్రునిపై కాలు మోపాడు. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరాన గల ఆ నేల నుండి రాళ్ళను ఏరి తెచ్చాడు. అయినను, మన ఇంటి కప్పుకు నిట్టనిలువుగా 70 కిలోమీటర్ల ఎత్తున ఈ క్షణాన గాలి ఏ దిక్కుకు వీస్తున్నదని ఎవరైనా అడిగితే, సమాధానం చెప్పుట నేటికీ సులభం కాదు. 70 కిలోమీటర్లంటే నేల మీద బస్సులో గంటన్నర ప్రయాణం. అదే దూరం నిలువుగా నిలబడితే మానవునికి దాదాపు అగమ్యమైపోతున్నది.

దీనికి కారణాలు గలవు. వాతావరణ పరిశీలనకై ఎగురవేసే బెలూన్లు సాధారణంగా 30, 35 కిలోమీటర్ల ఎత్తునకు చేరేసరికి పగిలిపోతాయి. కృత్రిమ ఉపగ్రహాలు సుమారు 150 కిలోమీటర్ల కంటె దిగువకు వస్తే గాలి రాపిడి వలన నిలువలేవు. ఈ రెంటికీ నడుమ గల ప్రదేశంలోకి రాకెట్లు పోగలవు గాని, ఒక్కొక్క రాకెట్ తెచ్చే సమాచారం కొన్ని నిమిషాలకు మాత్రమే పరిమితం. పగలూ రాత్రీ, ఋతువు వెంట ఋతువు అక్కడి గాలిని గమనిస్తూ ఉండాలంటే నేల మీద నిలిచి పైకి చూడగల సాధనం కావాలి. అట్టి సాధనం రేడార్.

అయితే ఇక్కడ ఒక సందేహం కలుగక మానదు. విమానం లోహంతో చేయబడినది కనుక రేడియో తరంగాలను వెనుకకు త్రిప్పి పంపగలదు. వర్షపు చినుకులు సైతం ఆ పని చేయగలవు. మేఘమైనా లేని నిర్మలాకాశంలో రేడార్‌కు కనిపించేది ఏమిటి? ఈ వ్యాసంలో మేము వివరింపదలచిన ముఖ్యవిషయం ఇదే.

గాలి అంతస్తులు

వాతావరణాన్ని శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతలో కలిగే మార్పును బట్టి పొరలుగా విభజించారు. నేల నుండి పైకి పోయినకొలదీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల వంతున చలి పెరుగుతుంది. ఈ తొలి పొర ట్రోపో ఆవరణం. మేఘాలు, వానలు, తుఫానులు దాదాపు అన్నీ ఇందులోనివే. ధ్రువప్రాంతాలలో దీని ఎత్తు సుమారు 8 కిలోమీటర్లు. మన ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్లు. దాని పైకప్పును ట్రోపోపాజ్ అంటారు. మనవంటి ఉష్ణదేశాలపై ఆ కప్పు వద్ద ఉష్ణోగ్రత సున్నకు దిగువ 80 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుంది. నేల మీద ఎండ మండిపోయే మన దేశాలపైననే ఆ ఎత్తున ఇంతటి చలి ఉండుట ఆశ్చర్యకరమైన విషయం.

అక్కడి నుండి సుమారు 50 కిలోమీటర్ల వరకు స్ట్రాటో ఆవరణం. ఇందులోని ఓజోన్ వాయువు సూర్యుని అతినీలలోహిత కిరణాలను గ్రహించుట వలన ఉష్ణోగ్రత మరల పెరుగుతుంది. దానిపై సుమారు 85 కిలోమీటర్ల వరకు మీసో ఆవరణం. ఇక్కడ చలి తిరిగి హెచ్చుతుంది. 60 కిలోమీటర్లు దాటిన పిమ్మట సూర్యకిరణాల తాకిడికి అణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడి ఐనో ఆవరణం మొదలవుతుంది.

ఈ విషయాలు ఒక్కనాటితో తెలిసినవి కావు. రేడియో తరంగాలను ఎరుగని కాలంలో సంధ్యాకాంతియే కొలబద్దగా ఉండేది. పదునొకండవ శతాబ్దిలో అందలూసియాకు చెందిన గణితవేత్త ఇబ్న్ ముఆజ్ అల్ జయ్యానీ, అరబ్బీలోను ఉర్దూలోను షఫఖ్ అని పిలిచే సంధ్యారుణిమను ఆధారంగా గొన్నాడు. సూర్యుడు క్షితిజానికి దిగువన ఉన్నప్పటికీ ఆకాశం వెలుగుతున్నదంటే, ఆ వెలుగును మన వైపు మళ్ళించే పదార్థం ఎంత ఎత్తున ఉండాలో త్రికోణమితితో లెక్కకట్టి, సుమారు 50 మైళ్ళని తేల్చాడు. ఆ గ్రంథం చాలకాలం ఇబ్న్ అల్ హైసమ్‌దిగా చలామణి అయినది. 50 మైళ్ళంటే 80 కిలోమీటర్లు. అనగా నేడు మనం మీసో ఆవరణమని పిలిచే పొర పైభాగం.

1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు టైసెరాంక్ ద బోర్ బెలూన్ల సాయంతో స్ట్రాటో ఆవరణం ఉనికిని ప్రకటించాడు. 1924లో ఇంగ్లండులో ఏపిల్టన్, బార్నెట్ రేడియో తరంగాలను త్రిప్పి పంపే పొర ఆకాశంలో కలదని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. 1925లో అమెరికాలో బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు రేడియో తరంగాలను చిన్నచిన్న తునకలుగా పంపి, అవి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలిచి ఆ పొర ఎత్తును లెక్కించారు. రేడార్ అనే పేరు పుట్టక మునుపే రేడార్ సూత్రం ఆకాశ పరిశోధనలో ఈ విధంగా వినియోగపడినది. యుద్ధ విమానాలను పసికట్టే పని దానికి తరువాత వచ్చినది.

ప్రతిధ్వని లెక్క

కొండ ఎదుట నిలిచి కేక వేస్తే, ప్రతిధ్వని వినబడడానికి పట్టిన కాలాన్ని బట్టి కొండ ఎంత దూరాన ఉన్నదో చెప్పవచ్చును. రేడార్ చేసేది ఇదే. దాని కేక సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయే రేడియో తరంగం. ఆ తరంగపు తునకను పల్స్ అంటారు. 15 కిలోమీటర్ల ఎత్తు నుండి పల్స్ తిరిగి వచ్చుటకు సెకనులో పదివేలవ వంతు కాలం పడుతుంది. 75 కిలోమీటర్ల నుండి అయితే అందుకు అయిదు రెట్లు. పల్స్ ఎంత పొట్టిదైతే ఎత్తును అంత సూక్ష్మంగా గుర్తింపవచ్చును. సెకనులో పదిలక్షలవ వంతు కాలం సాగే పల్స్‌తో 150 మీటర్ల మందం గల పొరలను వేరువేరుగా చూడవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధ కాలం నుండి రేడార్ నడిపేవారికి అప్పుడప్పుడు నిర్మలాకాశం నుండి సైతం ప్రతిధ్వనులు వచ్చేవి. అక్కడ విమానం లేదు, మేఘం లేదు. వారు వాటికి ఏంజెల్స్, అనగా దేవదూతలు, అని హాస్యంగా పేరు పెట్టారు. వాటిలో చాలభాగం పక్షులు, కీటకాలు అని తరువాత తేలినది. కాని కొన్ని మాత్రం నిజంగా గాలి నుండియే వచ్చినవి.

గాలి ఏల పలుకుతుంది?

గాలి మన కంటికి ఏకరూపంగా కనిపించినా నిజానికి అట్టిది కాదు. కాగుతున్న పాలలో పంచదార వేసి కలిపినపుడు తీపి ఒక్కసారిగా అంతటా సమానం కాదు. కొంతసేపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా పాయలు పాయలుగా ఉంటుంది. గాలిలోని తేమ, వేడిమి కూడ అట్లే. సుడులు తిరిగే గాలి వాటిని ముద్దలుగా, పాయలుగా చెదరగొడుతూ ఉంటుంది. ఎక్కడ తేమ, ఉష్ణోగ్రత మారునో అక్కడ వక్రీభవన గుణకం కూడ మారుతుంది. నేల వద్ద గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003. అందులో వచ్చే హెచ్చుతగ్గులు పదిలక్షల వంతులలో లెక్కింపదగినంత స్వల్పం. అయినను రేడియో తరంగంలో అత్యల్ప భాగాన్ని వెనుకకు మళ్ళించుటకు ఆ కొద్దిపాటి తేడా చాలును.

మరి అన్ని సుడులూ సమానంగా ప్రతిధ్వనించునా? లేదు. డిగ్రీ తరగతులలో స్ఫటికాలపై ఎక్స్ కిరణాల వివర్తనను గూర్చి చదివే విద్యార్థులకు బ్రాగ్ నియమం పరిచితమే. క్రమమైన ఎడంతో ఉన్న తలాల నుండి వచ్చే తరంగాలు ఒకే దశలో కలిస్తే బలపడతాయి. లేకుంటే ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఆకాశంలోను ఇదే నియమం. రేడార్ తన తరంగదైర్ఘ్యంలో సగం పరిమాణం గల ఒడిదుడుకులను మాత్రమే చూస్తుంది. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. కనుక ఆ రేడార్ చూచేది దాదాపు 2.8 మీటర్ల కొలత గల గాలి పాయలను. స్ఫటికంలో ఎక్స్ కిరణాలకు పరమాణు తలాలు ఎట్టివో, ఆకాశంలో ఈ రేడార్‌కు ఆ పాయలు అట్టివి.

ఒక్కొక్క ఎత్తున ఈ ప్రతిధ్వనికి మూలం వేరు. క్రింది ట్రోపో ఆవరణంలో ప్రధానమైనది తేమ. పైకి పోగా తేమ నశించి ఉష్ణోగ్రతలోని తేడాలే పని చేస్తాయి. మీసో ఆవరణంలో గాలి మిక్కిలి పలుచన కనుక అవి కూడ చాలవు. అక్కడ స్వేచ్ఛగా సంచరించే ఎలక్ట్రాన్లను గాలి సుడులు తమతో ఈడ్చుకొని పోవుట వలన ప్రతిధ్వని కలుగుతుంది.

ఈ మూడు పొరల నుండి ప్రతిధ్వనిని పట్టే రేడార్‌ను ఆ పొరల తొలి అక్షరాలను కూర్చి ఎం.ఎస్.టి. రేడార్ అంటారు. దీనికి నాంది పలికినది దక్షిణ అమెరికాలోని పెరూ దేశం. లీమా నగర సమీపాన హికమార్కాలో 18,432 డైపోల్ ఆంటెన్నాలు గల బృహత్తర రేడార్‌ను ఐనో ఆవరణ పరిశోధనకై 1960 దశకపు తొలినాళ్ళలో నిర్మించారు. దానితోనే అంతకంటె దిగువన గల గాలిని కూడ చూడవచ్చునని, అక్కడి పవనాలను కొలువవచ్చునని ఉడ్‌మన్, గిల్యెన్ అనే శాస్త్రజ్ఞులు 1974లో చూపించారు. పిమ్మట అలాస్కాలోని పోకర్ ఫ్లాట్‌లోను, జపానులోని షిగరాకిలోను ఇట్టి రేడార్లు వెలసినవి.

పాలపుంత రొదలో ఒక గుసగుస

ప్రతిధ్వని వచ్చిన కాలం ఎత్తును చెబుతుంది. గాలి వేగాన్ని చెప్పేది డాప్లర్ ఫలితం. స్టేషనులోకి వచ్చే రైలు కూత హెచ్చుస్థాయిలో, దూరమయ్యే రైలు కూత తగ్గుస్థాయిలో వినబడుట మనకందరికీ అనుభవమే. అట్లే గాలి రేడార్ వైపు కదిలితే ప్రతిధ్వని పౌనఃపున్యం పెరుగుతుంది. దూరమైతే తరుగుతుంది.

ఆ మార్పు ఎంత? 53 మెగాహెర్ట్జ్ రేడార్ వైపు గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తే మార్పు 0.35 హెర్ట్జ్ మాత్రమే. అనగా సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాలలో ఒక కంపనపు మూడవ వంతు! నిట్టనిలువుగా పైకి లేచే గాలి వేగం తరచు సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. 5 సెంటీమీటర్లకు మార్పు 0.018 హెర్ట్జ్. అంత చిన్న తేడాను గుర్తింపవలెనంటే ప్రతిధ్వనిని సుమారు ఒక నిమిషం పాటు ఎడతెగక వినవలసి ఉంటుంది.

వినుట కూడ తేలిక కాదు. ఈ పౌనఃపున్యం వద్ద పాలపుంత నుండి వచ్చే రేడియో రొద ఆకాశమంతటా నిండి ఉంటుంది. గాలి ప్రతిధ్వని అందులో మునిగిపోతుంది. సంతలో దూరాన ఉన్న మిత్రుడు మన పేరును ఒక్కసారి పిలిస్తే వినబడకపోవచ్చును. అదే పిలుపు అరవై నాలుగు సార్లు ఒకే లయలో వచ్చినదనుకొందము. ఆ పిలుపులను ఒకదానిపై ఒకటి చేర్చితే పిలుపు 64 రెట్లు పెరుగుతుంది. క్రమం లేని సంత రొద మాత్రం 64కు వర్గమూలమైన 8 రెట్లే పెరుగుతుంది. రేడార్ చేసేది ఈ కూడికయే. సెకనుకు వందలు, వేల సంఖ్యలో పల్స్‌లను పంపి, వాటి ప్రతిధ్వనులను కూడి, ఫోరియర్ గణితంతో విడదీసి, రొద నుండి మాటను వేరు చేస్తుంది.

గాదంకి రేడార్

మన దేశపు ఎం.ఎస్.టి. రేడార్ తిరుపతికి సమీపాన, చుట్టును కొండలు గల గాదంకి గ్రామం వద్ద కలదు. ఇది భూమధ్యరేఖకు ఉత్తరంగా పదమూడున్నర డిగ్రీల అక్షాంశం. 1980 దశకంలో సాగిన భారత మధ్య వాతావరణ పరిశోధన కార్యక్రమంలో దీనికి అంకురార్పణ జరిగినది. కేంద్ర ప్రభుత్వపు పలు విజ్ఞాన విభాగాలు వ్యయాన్ని పంచుకొన్నవి. నిర్మాణ బాధ్యతను సమీర్ అనే మన దేశపు సంస్థ వహించినది. 1990 దశకపు తొలి సంవత్సరాలలో రేడార్ పని ప్రారంభించినది. 2005 నుండి ఈ కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది.

రేడార్ అనగానే గిరగిర తిరిగే పెద్ద పళ్ళెం మనకు స్ఫురిస్తుంది. గాదంకిలో తిరిగేది ఏదీ లేదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 32 వరుసలలో, వరుసకు 32 చొప్పున 1,024 జతల యాగీ ఆంటెన్నాలు ఆకాశాభిముఖంగా నిలిచి ఉంటాయి. పూర్వం మన మేడలపై టెలివిజన్ కొరకు నిలిపిన ఆంటెన్నాల వంటివే ఇవి. తొలుత 32 ప్రేషకాలు కలిసి 25 లక్షల వాట్ల శిఖర సామర్థ్యంతో వీటికి విద్యుత్తరంగాలను అందించేవి. ఇటీవలి సంవత్సరాలలో ఆ ఏర్పాటును మార్చి, ప్రతి ఆంటెన్నాకు దానిదైన ఘనస్థితి ప్రేషక గ్రాహక విభాగాన్ని అమర్చారు.

తిరగని ఆంటెన్నా నలుదిక్కులా ఎట్లు చూడగలదు? కవాతు చేసే సైనికుల వరుసను తలచుకొందము. ఒక కొసన ఉన్నవారు కొంచెం వెనుకగా, రెండవ కొసన ఉన్నవారు కొంచెం ముందుగా అడుగు వేస్తే వరుస మొత్తం ఒక ప్రక్కకు మళ్ళుతుంది. అట్లే వరుసవరుసకు తరంగపు దశలో స్వల్పమైన తేడాను కల్పిస్తే రేడియో పుంజం తనంతట వాలుతుంది. నిట్టనిలువుగా ఒకసారి, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణాలకు పది డిగ్రీలు వాల్చి ఒక్కొక్కసారి చూస్తే, గాలి యొక్క మూడు దిశల వేగాలను లెక్కకట్టవచ్చును. సెకనుకు 30 మీటర్ల వేగంతో వీచే తూర్పు గాలి, పది డిగ్రీలు వాలిన పుంజంలో సెకనుకు 5.2 మీటర్ల వేగంగా కనిపిస్తుంది. మిగిలిన పని త్రికోణమితిది.

తెలుసుకొన్నదేమి?

మొదటిది ఋతుపవనాల సంగతి. వేసవిలో టిబెట్టు పీఠభూమి వేడెక్కి ఉత్తరాన గాలి వెచ్చబడుట వలన, నైరుతి ఋతుపవన కాలంలో దక్షిణ భారతంపై 14 నుండి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుండి పడమరకు తీవ్రమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. నేల మీద పడమటి గాలి వీచే రోజులలోనే పైన తూర్పు గాలి వీచుట గమనింపదగినది. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమనే దీనిని మన శాస్త్రజ్ఞులు పి. కోటేశ్వరం గారు బెలూన్ పరిశీలనల ఆధారంగా 1958లో ప్రపంచానికి వెల్లడించారు. బెలూన్లు దానిని రోజుకు ఒకటి రెండు సార్లు చూపగలవు. గాదంకి రేడార్ అదే ప్రవాహాన్ని నిమిషాల వ్యవధిలో మరల మరల చూడగలదు.

రెండవది ట్రోపోపాజ్. అక్కడ గాలి కదలక పొరలు పొరలుగా పేరుకొని ఉంటుంది కనుక నిలువు పుంజానికి బలమైన ప్రతిధ్వని ఇస్తుంది. రేడార్ చిత్రంలో ఆ ఎత్తు ఒక గీతవలె స్పష్టపడుతుంది. క్రింది గాలి స్ట్రాటో ఆవరణంలోకి ప్రవేశించే ముఖ్యద్వారం ఉష్ణమండలంలోని ఈ కప్పే. ఇక్కడి తీవ్రమైన చలికి నీటి ఆవిరి గడ్డకట్టి రాలిపోవుట వలననే స్ట్రాటో ఆవరణం అంత పొడిగా ఉన్నది. ఉరుములతో లేచే మేఘాలు ఆ కప్పును ఎట్లు కదిలించునో, గాలి ఎంత వేగంతో పైకి లేచునో నేరుగా కొలువగల సాధనాలు అరుదు. ఎం.ఎస్.టి. రేడార్ వాటిలో ముఖ్యమైనది.

మూడవది ప్లవన తరంగాలు. కొండలను దాటే గాలి, పొంగే మేఘం తమ పైనున్న గాలిని నీటిపై పడవవలె ఊగిస్తాయి. ఆంగ్లంలో వీటిని గ్రావిటీ వేవ్స్ అంటారు గాని, ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వ తరంగాలతో వీటికి సంబంధం లేదు. ఈ ఊపు పైకి ప్రాకుతుంది. 15 కిలోమీటర్ల ఎత్తు నుండి 80 కిలోమీటర్లకు చేరేసరికి గాలి సాంద్రత సుమారు పదివేలవ వంతుకు పడిపోతుంది. మోసుకొనిపోయే శక్తి తరగనిచో, వేగపు ఊగిసలాట నూరు రెట్లు కావలెను. అంత ఎత్తున నిలువలేక ఆ తరంగాలు తీరాన్ని తాకిన కెరటాలవలె విరిగిపడతాయి. అట్లు విరిగినపుడు పుట్టే కల్లోలమే మీసో ఆవరణం నుండి రేడార్‌కు వచ్చే ప్రతిధ్వని. మన ఊరి మీద లేచిన ఉరుముమేఘపు అలజడి 80 కిలోమీటర్ల ఎత్తున గాలి గమనాన్ని మార్చగలదన్నమాట.

రేడార్ మౌనం

ఈ సాధనానికి హద్దులు లేకపోలేదు. సుమారు 30 నుండి 60 కిలోమీటర్ల నడుమ ఎం.ఎస్.టి. రేడార్‌కు దాదాపు ప్రతిధ్వనియే రాదు. అక్కడ తేమ లేదు, గాలి పలుచన, ఎలక్ట్రాన్లు ఇంకా పుట్టలేదు. పైనున్న మీసో ఆవరణం సైతం పగటిపూటయే పలుకుతుంది. సూర్యుడు అస్తమించగానే ఎలక్ట్రాన్లు తరిగి మౌనం వహిస్తుంది. ఆ లోటును పూరించుటకై 1998లో జపాను సహకారంతో గాదంకిలో లైడార్‌ను నెలకొల్పారు. ఇది రేడియో తరంగాలకు బదులు ఆకుపచ్చని లేజర్ కాంతిని పంపి, అణువులపై పడి తిరిగివచ్చే వెలుగును కొలుస్తుంది. అయితే దానికి మబ్బులేని రాత్రి కావాలి. ఒక సాధనం ఆగినచోట మరొకటి అందుకొనుట వలననే ఆకాశ చిత్రం పూర్తి కాగలుగుతున్నది.

మచిలీపట్నం, విశాఖపట్నం వంటి చోట్ల వాతావరణ శాఖ నెలకొల్పిన డాప్లర్ రేడార్లు వేరు రకానికి చెందినవి. వాటి తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలో ఉంటుంది. అవి చూచేది వానచినుకులను. తుఫాను ఎక్కడున్నదో, ఎటు కదులుతున్నదో చెప్పుట వాటి పని. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన విలువైన ప్రాణాలను వేల సంఖ్యలో బలిగొన్నది. అట్టి హెచ్చరిక ఎంత అవసరమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఎం.ఎస్.టి. రేడార్ రేపటి తుఫానును గూర్చి నేరుగా హెచ్చరించదు. కాని హెచ్చరికలకు ఆధారమైన గణిత నమూనాలలో గాలి ఎట్లు నడుచునో, పొర నుండి పొరకు శక్తి ఎట్లు చేరునో సరిగా వ్రాయవలెనంటే ఇట్టి కొలతలే శరణ్యం. పాఠ్యగ్రంథాలలోని వాతావరణం చాలకాలం శీతల దేశాలలో కొలిచిన వాతావరణమే. ఉష్ణమండలపు ఆకాశాన్ని ఉష్ణమండలంలో నిలిచి కొలువవలసిన బాధ్యత ఇక్కడివారిదే.

మన విద్యార్థులు డాప్లర్ ఫలితాన్ని, బ్రాగ్ నియమాన్ని, వ్యతికరణాన్ని, ఫోరియర్ శ్రేణులను వేరువేరు ప్రశ్నలకు సమాధానాలుగా చదివి పరీక్ష ముగియగానే మరచిపోవుట సాధారణం. గాదంకి మైదానంలో అవన్నీ ఒకేచోట, ఒకే క్షణాన పని చేస్తున్నవి. వాటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆకాశం మూగపోతుంది. భౌతిక, గణిత, ఎలక్ట్రానిక్స్ శాస్త్రాలను అభ్యసించే మన విద్యార్థులలో కొందరైనా ఆ పరిశోధనలో పాలుపంచుకొందురు గాక అని, వారిని ఆ కేంద్రానికి విజ్ఞానయాత్రగా తీసుకొనిపోయే ఏర్పాటును కళాశాల కమిటీవారు ఆలోచింతురు గాక అని మేము కోరుతున్నాము. మన తలలపైనున్న గాలిని గూర్చి తెలియవలసినది ఇంకను ఎంతో మిగిలి ఉన్నది.